ఒక్క పరుగు కోసం సిరిసిల్ల దాకా

మొట్టమొదటి టెస్టు మ్యాచిలో మొదటి బంతి ఎవరు ఆడారు, మొదటి పరుగు ఎవరు తీశారు, మొదటి వంద ఎవరు కొట్టారు అని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మూడూ ఒక్క మనిషే. పాపం ఆయనకు వేలు పగిలి, అవుట్ కాకుండానే మధ్యలో బయటికి వెళ్లిపోయాడు. మళ్లీ టెస్టుల్లో వంద చేయనే లేదు. హైదరాబాదులో ఒక పత్రిక ఆటల పేజీలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇలాంటివి రాసే బతికాను. ఎవరెవరివో మొదళ్లు, ఎవరెవరివో రికార్డులు. నా సొంత స్కోరు మాత్రం ఎన్నడూ ఎవరికీ చెప్పలేదు. సున్నా, నాటౌట్. ఒక్క బంతి కూడా ఆడలేదు. నలభై ఏళ్లు దాటింది, ఆ ఇన్నింగ్స్ ఇంకా ముగియలేదు.

మాది సిరిసిల్ల. మరమగ్గాల షెడ్డులో పని చేస్తూ చదువుకున్నాను. మా రోజుల్లో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో వేములవాడ రాజన్నకు కూడా తెలియదు. అది పోగానే మగ్గాలన్నీ ఒక్కసారి ఆగేవి. లుంగీలు ఎగగట్టి అందరం షెడ్డు పక్క ఖాళీ జాగాలోకి వచ్చేవాళ్లం. పనికిరాని నూలును గట్టిగా చుట్టి, గంజిలో ముంచి ఎండబెట్టిన బంతి. పాత మగ్గం చెక్కతో చేసిన బ్యాటు. దాని పేరు కరెంటాట. మళ్లీ మగ్గం చప్పుడు మొదలైందంటే బంతి గాలిలో ఉన్నా ఆట బందు. మగ్గం దగ్గర మనిషి లేకపోతే బట్ట చెడుతుంది మరి. ఆగిన ఆటను ఇంకో రోజు ఎత్తుకోవచ్చు, కానీ ఒక షరతు ఉండేది. ఆగినప్పుడు బంతి వేస్తున్నవాడే మళ్లీ వేయాలి, క్రీజులో ఉన్న ఆ ఇద్దరే ఉండాలి. తెగిన పోగును తెగిన చోటే ముడి వేస్తాం కదా, మావాళ్ల బుర్రలు అన్నిట్లోనూ అలాగే పనిచేసేవి.

ఆ రోజు రాజేశం తొంభై తొమ్మిది మీద ఉన్నాడు. కరెంటాటలో అప్పటిదాకా ఎవరూ వంద చేయలేదు. నేను అవతలి కొసన ఉన్నాను. నేను దిగినప్పటి నుంచి అతను నాకు ఒక్క బంతి ఇస్తే ఒట్టు. ఓవరు చివరి బంతికి ఒక పరుగు తీసి మళ్లీ తనే ఆడేవాడు. మధ్యలో నేను కదిలితే అరచేయి కిందికి చూపించేవాడు, ఉండు అని. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డులో మాకు అన్నీ సైగలే, అవే ఆటలోకీ వచ్చాయి. అరచేయి కిందికి చూపిస్తే ఉండు. రెండు వేళ్లు ముడిచి లాగితే రా. ఖాజా బంతి పట్టుకుని పరుగు మొదలుపెట్టాడు. ఓవరులో ఇంకా బంతులున్నాయి. ఒక్క పరుగు వస్తే రాజేశానికి వంద, నాకు నా మొదటి బంతి. సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది.

మరునాడు ఖాజా మహారాష్ట్రలోని భివండికి బస్సెక్కాడు, అక్కడి మగ్గాల మీద పనికి. తర్వాత నేను హైదరాబాదు వెళ్లిపోయాను. రాజేశం అత్తగారి ఊరు కోరుట్ల చేరాడు. పెళ్లిళ్లకూ చావులకూ ఇద్దరిద్దరం కలిశాం గానీ ముగ్గురం ఒక్క చోట కలిసింది లేదు. ఈ ఎండాకాలం రాజేశం భార్య బాలమణి వదిన ఫోను చేసింది.

"శీనూ, మీ అన్నకు షుగరు కండ్లకు కొట్టింది. డాక్టరు సూదులిస్తున్నడు గని ఎన్ని దినాలు కనవడ్తదో చెప్పలేనన్నడు. పొద్దు లేస్తే గదే ముచ్చట, బంతి కనవడ్తున్నప్పుడే ఆడాల్నని. జెర అచ్చి గా ఒక్క రన్ను సంగతి తెంపుండ్రి."

ఫోను పెట్టేసి, సికింద్రాబాదు వెళ్లి కొత్త బ్యాటు ఒకటి కొన్నాను. నా బంతి నేను ఆడాలి కదా.

కొండగట్టు

ఆడవాళ్లకు టికెట్టు లేదు కనుక బస్సు నిండా ఆడవాళ్లే. తప్పు పట్టడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను. కరీంనగర్ దాటేదాకా రాడ్డు పట్టుకుని వేలాడాను. మోకాలు సలపడం మొదలుపెట్టింది. పక్క సీట్లో మెడలో విజిలు వేసుకున్న ఒకావిడ నా చేతిలోని బ్యాటునే చూస్తోంది. పెగడపల్లి వైపు ఒక బడిలో ఆటలు నేర్పే టీచరట.

"ఎవలికి సార్, మనుమనికా?" అని అడిగింది.

"నాకే," అన్నాను.

ఆవిడ నన్ను కిందికీ మీదికీ చూసింది. నవ్వితే బాగుండదని ఆపుకుంది. "గట్లయితే ఒకటి అడుగుత చెప్పుండ్రి. వన్డేలల్ల మొదటి డబుల్ సెంచరీ ఎవలది?"

నా ప్రాణం లేచి వచ్చింది. ఉద్యోగం పోయాక నన్ను ఇలాంటి ప్రశ్న అడిగినవాళ్లు లేరు. "ఆడమనిషిది. ఆస్ట్రేలియా ఆమె. ముంబయిల కొట్టింది. మన మొగాయన కొట్టింది గదైన పుష్కరం దాటినంక."

"మా బడిల సార్లందర్ని అడిగిన, ఒక్కలు చెప్పలేదు," అంటూ ఆవిడ పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుంది. "కూసోండ్రి సార్. మా ఆడపిల్లలకు గిదే చెప్త. మొదలు కొట్టింది ఆడిదే అంటే పొద్దూకెదాక గ్రౌండు ఇడువరు."

కొండగట్టు దగ్గర నేను దిగుతుంటే కిటికీలోంచి ఆల్ ది బెస్ట్ సార్ అంది. అరవై దాటాక ఒక మనిషి నాకు ఆట కోసం ఆ మాట చెప్పడం అదే మొదలు. అది ఏ రికార్డుల్లోకీ ఎక్కదు. నేను రాసుకున్నాను, అంతే.

ఇప్పుడు జగిత్యాలలో ఉంటున్న ఖాజా సాయంత్రం దాకా పనిలో ఉంటానని ఫోనులో అన్నాడు కాబట్టి, దారిలో దిగి అంజన్న దర్శనం చేసుకున్నాను. హైదరాబాదు గుళ్లలో జనం గడియారం చూసుకుంటూ దండం పెడతారు. ఇక్కడ దీక్షలో ఉన్న కుటుంబాలు మెట్ల మీదే చాపలేసి, అన్నం మూటలు విప్పి, వచ్చిన పని మరిచిపోయినట్టు కూర్చుంటాయి. ఎవరో తెలియని ముసలమ్మ నా చేతిలో ఇంత పులిహోర పెట్టింది. రాజేశానికి ఒక్క పరుగు ఇప్పించు స్వామీ అని మొక్కి బయటికి వచ్చాను. నాలుగు అడుగులు వేశాక మనసాగలేదు. వెనక్కి తిరిగి, నా ఒక్క బంతి సంగతి కూడా చూడు అన్నాను. ఆ తిరగడంలో బాలమణి వదిన కోసం కొన్న లడ్డూల సంచి కోతి లాక్కుపోయింది. స్వామి తన కమీషను ముందే తీసుకున్నాడని సర్దుకున్నాను.

జగిత్యాల

జగిత్యాల మామిడి మార్కెట్లో అడుగు పెడితే ముందు వాసన, తర్వాత లారీలు, ఆ తర్వాత మనుషులు. వరిగడ్డి పరిచి కాయలు పోసిన గుట్టల మధ్య ఒకతను ఎడమ చేత్తో కాయను రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తిప్పి చూసి, పెట్టెలోకి వేస్తున్నాడు. గడ్డం తెల్లబడింది, పొట్ట వచ్చింది. ఒకప్పుడు బంతిని తిప్పిన ఆ రెండు వేళ్లను చూసి గుర్తుపట్టాను.

"అచ్చినవా," అన్నాడు ఖాజా, నిన్ననే విడిపోయినట్టు.

"అచ్చిన. ఒక్క బాలు ఉన్నది గదా."

"ఒక్కటేంది? ఓవర్ల ఇంక బాల్లున్నయ్ శీను. మర్సినవా?"

బయట చాయ్ తాగాం, పక్కన వేడి వేడి మిర్చీలు. హైదరాబాదులో ఇరవై రూపాయలకు దొరికే చాయ్ కంటే ఇక్కడ పది రూపాయలది చిక్కగా ఉంది. భివండిలో మగ్గాలు మూతపడ్డాక వచ్చేశానని, ఇప్పుడు సీజనులో కాయలు ఏరతానని, భుజం సగానికి మించి లేవదని చెప్పాడు. భుజం మాట వినగానే నాలో చిన్న ఆశ లేచింది.

"ఖాజా, రాజేశన్నకు కండ్లు పోతున్నయ్. జెర అలగ్గ ఎయ్యి. ఫుల్ టాస్ ఇచ్చినా ఎవలేమనుకుంటరు?"

ఖాజా గ్లాసు కింద పెట్టాడు. "పేపర్ల గన్ని రికార్డులు రాసినవ్. ఇచ్చిన రన్నును రికార్డంటరా?"

"ఎవలకు తెలుస్తది?"

"రాజేశానికి తెలుస్తది. నా చెయ్యిని ఆయన సదివినంత ఎవలూ సదవలే." మిర్చీ తుంచి, తినకుండా మళ్లీ కాగితం మీద పెట్టాడు. "భివండిల మగ్గం కాడ నిలవడి రోజు గా బాలే ఏస్తుంటి యార్, మనసుల. ఒకపారి లోపటికి తిప్పుతుంటి, ఒకపారి బయటికి. గాడ నాకు దోస్తులు లేరు, మరాఠి రాదు. గా బాలొక్కటే నాది. గిన్నేండ్లు దాసుకున్నదాన్ని అలగ్గ ఎట్లేస్త?"

నాకు కోపం వచ్చింది. ఒక మనిషి చూపు పోతుంటే ఈ పట్టుదల ఏమిటి అనుకున్నాను. కానీ అతని మొహం చూశాక చాయ్ డబ్బులు ఇచ్చి లేచాను. ఆ బంతి కోసం ఎదురుచూస్తున్నది నేనూ రాజేశమూ ఇద్దరమే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ రాత్రి ఖాజా ఇంట్లోనే తిన్నాను, బగారన్నం, దాల్చా. అతని భార్య నా కొత్త బ్యాటును చూసి, ఇంత తెల్లటి బ్యాటు పాడుచేయడమెందుకు, గోడకు పెట్టుకోవచ్చు కదా అంది.

కోరుట్ల

కోరుట్లలో రాజేశం అల్లుడికి పిండి గిర్ని ఉంది. పగలు దాన్ని చూసుకునేది రాజేశమే. మగ్గాల మోతలో సగం పోయిన చెవులు గిర్ని మోతలో మిగతా సగం పోయాయి. బయట అరుగు మీద బాలమణి వదిన చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. మమ్మల్ని చూసి చేతులు ఆపలేదు.

"అచ్చిండ్రా పెద్దమనుషులు. పోండ్రి, లోపల మీ తొంభై తొమ్మిది పిండి పడుతున్నడు."

కనుబొమలు తెల్లగా, చేతులు తెల్లగా ఉన్నాడు రాజేశం. జొన్నల డబ్బా పట్టుకున్న ఆడమనిషికి అరచేయి కిందికి చూపిస్తున్నాడు, ఉండు అని. పిలిస్తే వినపడదు. ఎదురుగా నిలబడి రెండు వేళ్లు ముడిచి లాగాను, రా అని. మొహం దగ్గరికి తెచ్చి నా వేళ్లను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. తర్వాత నా వెనక ఖాజా ఎడమ చేయిని పట్టుకుని వేళ్లు ఒక్కొక్కటీ తడిమాడు. ఇద్దరినీ దగ్గరికి లాక్కున్నాడు. మా బట్టలకు పిండి అంటింది.

ఆ గిర్ని తలుపుకు ఊతంగా పెట్టిన చెక్క మా పాత బ్యాటు. తలుపు తీసినప్పుడల్లా దాన్ని తన్నీ తన్నీ ఒక అంచు నున్నగా అరిగిపోయింది.

వదిన సర్వపిండి చేసింది. పల్లీలు, నువ్వులు దండిగా వేసి, గిన్నెకు అద్ది, అంచులు కరకరలాడేట్టు. హైదరాబాదులో దీన్ని ప్లేటులో ముక్కలు చేసి, చట్నీతో అమ్ముతారు. ఇక్కడ గిన్నెలోంచే తుంచుకుని తిన్నాం. తింటూ రాజేశం ఎప్పుడూ అడిగేదే మళ్లీ అడిగాడు. చెవులు వినపడవు కాబట్టి అతని మాట నాలుగిళ్లకు వినపడుతుంది.

"శీను, టెస్టుల్ల గిట్ల తొంభై తొమ్మిది కాడ ఆగినోడు మొదలు ఎవడన్నవ్?"

ఇంగ్లండు ఆయన, పెర్త్‌లో, అవతలి కొసన మనిషి మిగలక ఆగిపోయాడని సైగలూ మాటలూ కలిపి చెప్పాను.

"గాయనకు మల్ల ఆడ దొరికిందా?"

"దొరికింది. ఎనక శాన వందలు కొట్టిండు."

"గట్లయితే గాయన బాధ నా అసొంటిది కాదు," అన్నాడు రాజేశం. గిన్నె పక్కకు పెట్టి లేచిపోయాడు.

తెల్లారి బయలుదేరాల్సిన వేళకు రానన్నాడు. మంచం మీద గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. "గిన్నేండ్లు ఎవలడిగినా నాటౌటన్న. మగ్గం పాయె, చెవులు పాయె, ఇగ కండ్లు పోవట్టె. గదొక్కటే నాకాడ మిగిలింది. పొయి అవుటైతే ఏం జెప్పుకుంట బతకాలె?"

ఖాజా నేలచూపులు చూశాడు. ఫుల్ టాస్ వేయమన్నట్టు నేను మళ్లీ ఖాజా వైపు చూశాను. అతను తలెత్తలేదు. అప్పుడు వదిన వచ్చి రాజేశం ఎదుట నిలబడి, ఉతికిన చొక్కా అతని ఒళ్లోకి విసిరింది.

"గిర్ని మీద బతుకుతున్నవ్, నాటౌటు మీద కాదు. అంగేసుకో," అంది, పెదాలు చదివేట్టు మెల్లగా.

అతను వేసుకున్నాడు. తలుపు ఊతం తీసి చంకన పెట్టుకున్నాడు. గిర్ని తలుపు దానంతట అదే మూసుకుంది.

వేములవాడ

వేములవాడలో బస్సు మారాలి. ఎటు చూసినా లాడ్జీలు, బొట్లు, గుండ్లు, తలనీలాలిచ్చిన పసిపిల్లల ఏడుపులు. వదినకు కోడెమొక్కు ఉంది. కోడె తాడు పట్టుకుని గుడి చుట్టూ తిప్పి కట్టేయడం ఇక్కడి మొక్కు. కళ్ల కోసమా, పరుగు కోసమా అని అడిగితే, నీకెందుకు అంది. రాజేశం తాడు పట్టుకున్నాడు, ఆమె అతని మోచేయి పట్టుకుంది, ఖాజా చెప్పులు చూసుకుంటానని బయట ఉండిపోయాడు. నేను బస్టాండులో సామానుకు కాపలా.

ఒంటరిగా కూర్చుంటే నాకు పగటి పీడకలలు మొదలయ్యాయి. ప్రపంచమంతా పొగిడే ఒక ఆటగాడు రెండు వందల తొంభై తొమ్మిది మీద ఉన్నాడు. మూడు వందలవ పరుగు కోసం పరుగెత్తి అవతలివాడు రనౌటయ్యాడు. ఆయన అలాగే మిగిలిపోయాడు. ఆ అవతలివాడు ఏం ఆడాడో, ఎన్ని వికెట్లు తీశాడో ఎవరికీ గుర్తు లేదు. ఆ ఒక్క పరుగుకే అతన్ని తలుచుకుంటారు. ఇది పేపర్లో నేనే రెండుసార్లు రాశాను, నవ్వొచ్చేట్టు రాశాను. ఇప్పుడు నా మోకాలు నవ్వుతోంది.

లేచి బ్యాటు పట్టుకుని ఈ స్తంభం నుంచి ఆ స్తంభం దాకా పరుగెత్తి చూశాను. పూలు అమ్ముకునే ఆమె చూసి, "సార్, మీ బస్సు ఇంక రాలే. ఉరుకకుండ్రి," అంది.

సిరిసిల్ల

మా షెడ్డు అలాగే ఉంది. రేకులు మారాయి. ఖాళీ జాగాలో సగం ఇటుకలు, విరిగిన మగ్గాల ఇనుము. మిగతా సగం చాలు మాకు. షెడ్డు ఇప్పుడు లత నడుపుతోంది. ఆ రోజు నా తర్వాత బ్యాటింగుకు దిగాల్సిన శంకరయ్య కూతురు. శంకరయ్య పోయి చాలా కాలమైంది. కరెంటాట గురించి తండ్రి నోట విన్నదే తప్ప లత ఎన్నడూ చూడలేదు.

పనివాళ్లలో ఎల్లవ్వ ఒక్కతే మా కాలపు మనిషి. మగ్గంలోకి పోయే నూలు కండెలు చుడుతుంది. ఆమెకు చెవులు బొత్తిగా పోయాయి. మేం వస్తున్నామని లత చెబితే, ఎవరూ అడగకుండానే నూలు బంతి చుట్టి, గంజి పెట్టి, రేకు మీద ఎండబెట్టి ఉంచింది. చేతికి తీసుకుంటే పాత బరువే.

అన్నీ ఉన్నాయి. ఒక్కటే లేదు. కరెంటు పోవడం లేదు. ఇప్పుడు సిరిసిల్లలో కరెంటు పోదు. మేం ముగ్గురం ఇటుకల మీద కూర్చుని, మగ్గాల మోత వింటూ, ఎప్పుడు ఆగుతుందా అని ఎదురుచూశాం. ఒకప్పుడు కరెంటు పోతే సర్కారును తిట్టిన నోళ్లే. ఎండ నెత్తి మీదికి వచ్చింది. చివరికి లత బయటికి వచ్చింది.

"పెదబాపూ, మెయిన్ బందు చేస్త. ఒక్క బాలుకే. ఆర్డరు బట్ట ఎల్లుండి పోవాలె."

వదిన ఆ మాటను రాజేశానికి సైగల్లో చెప్పింది. అతను తల అడ్డంగా ఊపాడు. "మనం బందు చేస్తే కరెంటాట ఎట్లయితది?"

"మగ్గాలాగాల్ననే గదా మీ రూలు. ఎవలు ఆపాల్నో రూల్ల ఉన్నదా?" అంది లత.

రూల్లో లేదు. నేను పేపర్లో ఇంతకంటే పెద్ద తగాదాలు తీర్చాను గానీ ఇంత తొందరగా ఎప్పుడూ తీరలేదు. లత కిటికీలోంచి ఎల్లవ్వకు ఒక వేలు చూపించి, స్విచ్చు ఎక్కించే సైగ చేసింది. ఒక్క బంతి పడగానే మళ్లీ వేసేయమని. ఎల్లవ్వ తల ఊపి మెయిన్ దించింది.

మగ్గాలు ఆగాయి. ఆ నిశ్శబ్దం ఎన్నేళ్లయింది విని. పనివాళ్లు నవ్వుకుంటూ బయటికి వచ్చి, చెప్పకుండానే తలా ఒక చోట నిలబడ్డారు. రాజేశం తలుపు ఊతంతో క్రీజులో నిలబడ్డాడు. నేను అవతలి కొసన, ఒక్క గీత కూడా పడని కొత్త బ్యాటు పట్టుకుని నిలబడ్డాను.

"ఖాజా," అని అరిచాడు రాజేశం, "మంచి బాలెయ్యి."

ఖాజా మెల్లగా వచ్చాడు. భుజం నిజంగానే లేవలేదు. కానీ చివర్న ఆ వేళ్లు తిరిగాయి. బంతి బయటికి పోతున్నట్టు పోయి లోపలికి వచ్చింది. రాజేశం ముందుకు ఒంగి లాగి కొట్టాడు. బంతి పైకి లేచింది. అతను దాన్ని చూడలేదు. నన్ను చూశాడు. రెండు వేళ్లు ముడిచి లాగాడు, రా.

పరుగెత్తాను. మోకాలు ఉందో లేదో తెలియలేదు. మధ్యలో ఇద్దరం ఒకరినొకరు దాటాం. అతని భుజం నా భుజానికి తగిలింది. నేను అవతలి గీత దాటి తిరిగి చూసేసరికి ఇనుము కుప్ప దగ్గర నిలబడ్డ ఒక పనివాడు బంతిని రెండు చేతుల్లో పట్టుకుని, ఎందుకు పట్టానా అన్నట్టు మమ్మల్ని చూస్తున్నాడు.

వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రాజేశానికి అంత దూరం కనపడదు. అతను నా కొసన నిలబడి అందరి మొహాలూ వెతుకుతున్నాడు. నేనే వెళ్లి అతని ఎదుట నిలబడి, వేలు పైకెత్తాను. నా జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు.

"మంచిగ పట్టిండా?" అన్నాడు.

"మంచిగ పట్టిండు."

"అయితే అవుటే." ఖాజా వైపు తిరిగాడు. "లోపటికి తిప్పినవ్."

ఖాజా కళ్లు తుడుచుకుంటూ తల ఊపాడు.

"కనవడ్డది," అన్నాడు రాజేశం, నాలుగు వీధులకు వినపడేట్టు. "బంతి కనవడ్డది. దానికి లేసిన నూలు పోగు సుత కనవడ్డది." వదిన దగ్గరికి వెళ్లి ఆ మాటే మళ్లీ చెప్పాడు, ఆమెకు వినపడలేదేమో అన్నట్టు.

నేను బ్యాటు చంకన పెట్టుకుని ఇటుకల వైపు నడిచాను. వెనక నుంచి పిలిచాడు. వంద పోగొట్టుకున్న మనిషి నవ్వుతున్నాడు.

"ఏడికి? బంతి గాలిల ఉండంగనే దాటినం. స్ట్రైకు నీదే."

ఖాజా నన్ను చూశాడు. "కొత్త రూల్ల క్యాచయితే కొత్త మనిషే ఆడాలె గదా శీను? నువ్వే రాసినవ్ పేపర్ల."

"గీ ఆట పాతది ఖాజా. పాత రూలే," అన్నాను.

అవతలి కొసకు శంకరయ్య రావాలి. శంకరయ్య లేడు. లత చున్నీ నడుముకు బిగించి, రాజేశం చేతిలోంచి తలుపు ఊతం తీసుకుని అక్కడ నిలబడింది. నేను క్రీజులో నిలబడ్డాను. ఎందరి మొదటి బంతుల గురించో రాశాను, మొదటి బంతికి ముందు అరచేతులు ఇంత చల్లబడతాయని ఒక్కసారీ రాయలేదు. ఖాజా బంతిని షర్టుకు రుద్ది పరుగు మొదలుపెట్టాడు.

షెడ్డు ఒక్కసారిగా మోగింది.

ఒక్క బంతి అన్నారు, ఒక్క బంతి పడింది, అందరూ తేరుకునేదాకా ఆగి ఎల్లవ్వ స్విచ్చు వేసింది. చెప్పిన పని చెప్పినట్టు చేసింది. పనివాళ్లందరూ లోపలికి ఉరికారు. లత బ్యాటు నా కాళ్ల దగ్గర పడేసి ఉరికింది. ఖాజా సగం దూరంలో ఆగి, బంతి చేతిలో పట్టుకుని, నన్ను చూస్తూ నిలబడిపోయాడు. మళ్లీ ఆపమందామా అని కిటికీ దగ్గరికి వెళ్లాను. లత తెగిన పోగులు ముడి వేస్తోంది. ఎల్లవ్వ నన్ను చూసి, బాగా చేశానా అన్నట్టు నవ్వింది. నేను కూడా బాగుంది అన్నట్టు తల ఊపాను. ఇంకేం చేస్తాను?

సాయంత్రం బస్టాండుకు అందరూ వచ్చారు. ఖాజాకు తెల్లారి మార్కెట్లో లారీలున్నాయి. మామిడి అయినంక వస్తా, అప్పటిదాకా బంతి నా దగ్గరే ఉంటుంది అని దాన్ని జేబులో వేసుకున్నాడు. ఇంటికి వెళ్లి గోడకు పెట్టుకోకు అన్నాడు, బ్యాటును చూపిస్తూ.

రాజేశాన్ని పక్కకు తీసుకెళ్లి అడిగాను, నోరు బాగా కదిలిస్తూ. "బంతి లేసిందని నీకు ఎర్కేనా?"

"బ్యాటుకు తాకంగనే ఎర్కే. చేతికి తెలుస్తది గదా."

"మరి ఎందుకు ఉరికినవ్?"

"పట్టుకునే లోపట దాటాల్నని," అన్నాడు. "గా దినం నీకు ఒక్క బాలు ఇయ్యలే. గది నాకు శాన దినాలు మనసుల వడ్డది." తర్వాత చొక్కాకు లేని పిండి దులుపుకున్నాడు. "మామిండ్లయినంక రా. అప్పటికి నాకు కనవడకపోతే బాలమణి నా అరచేతిల సైగ చేసి చెప్తది, నువ్వు ఎట్ల కొట్టినవో."

హైదరాబాదు బస్సులో ఈసారి కిటికీ సీటు దొరికింది. బ్యాటు ఒళ్లో పెట్టుకున్నాను. దాని మీద ఇంకా ఒక్క మచ్చ లేదు. బస్సు కదులుతుంటే బయటికి చూశాను. రాజేశం నేను ఎక్కిన బస్సు ఏదో తెలియక, పక్కన ఆగిన కరీంనగర్ బస్సు వైపు తిరిగి నిలబడ్డాడు. ఆ బస్సులో తెలియని జనానికి రెండు వేళ్లు ముడిచి లాగుతున్నాడు. రా.

నేను కిటికీలోంచి చేయి బయటపెట్టి, అతనికి కనపడదని తెలిసీ, అరచేయి కిందికి చూపించాను. ఉండు.